బండికి ఏ ఆయిల్ పోయించాలి?

హైదరాబాద్ రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో స్పేర్ పార్టుల షాపు ముందు కాసేపు నిలబడితే ఇంజిన్ ఆయిల్ ఎలా అమ్ముడుపోతుందో తెలుస్తుంది. "అన్నా, బండికి మంచి ఆయిల్ ఇయ్యి" అంటాడు వచ్చినాయన. షాపాయన రెండు డబ్బాలు కౌంటర్ మీద పెడతాడు. ఒకదాని రేటు ఇంకోదానికి రెట్టింపు. "ఇది ఫుల్ సింథటిక్ అన్నా" అని ఖరీదైన డబ్బాను కాస్త ముందుకు జరుపుతాడు. బండి మీద మమకారం ఎక్కువుంటే అది, నెలాఖరైతే రెండోది. డబ్బా వెనక్కి తిప్పి చదివేవాళ్లు అరుదు.

ఆ బేరంలో తేలాల్సిన సంగతంతా ఆ వెనకవైపే ఉంది. ఎస్ఏఈ (చిక్కదనం నంబరు), ఏపీఐ (ఆయిల్ ప్రమాణం ఎంత కొత్తదో చెప్పే అక్షరాలు), జాసో (క్లచ్‌కు సరిపోతుందా అని చెప్పే అక్షరాలు) అని మూడు గుర్తులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. బండితో పాటు ఇచ్చిన మాన్యువల్‌లోనూ ఇవే మూడు గుర్తులుంటాయి. ఆ మూడూ కలిస్తే అది మీ బండికి మంచి ఆయిల్. కలవకపోతే ఎంత పెద్ద కంపెనీదైనా, ఎంత రేటు పెట్టినా కాదు. ఈ మూడింటిలో జనం బాగా పట్టించుకునేది మొదటిది, అస్సలు పట్టించుకోనిది చివరిది. మోటార్ సైకిల్ విషయంలో ముందు చూడాల్సింది ఆ చివరిదే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

క్లచ్ కూడా అదే ఆయిల్‌లో ఉంది

కారులో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్ బాక్స్ ఆయిల్ వేరు. మామూలు గేర్ల కారులో క్లచ్ ఆయిల్ తగలకుండా పొడిగా ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే గేర్ల బైకుల్లో దాదాపు అన్నిటికీ ఈ మూడింటికీ కలిపి ఒకటే ఆయిల్. పిస్టన్, క్యామ్ అరిగిపోకుండా చూడాల్సింది అదే. గేర్ల పళ్ల మధ్య నలుగుతూ వాటిని కాపాడాల్సిందీ అదే. క్లచ్ ప్లేట్లు మునిగి తిరిగేదీ అందులోనే.

చిక్కు ఇక్కడే ఉంది. ఇంజిన్‌కు ఆయిల్ ఎంత జారుడుగా ఉంటే అంత సుఖం. క్లచ్ ప్లేట్లు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది. కార్ల ఆయిల్ తయారుచేసేవాళ్లకు ఈ బాధ లేదు. మైలేజీ కోసం మాలిబ్డినం లాంటి పదార్థాలు కలిపి ఆయిల్‌ను ఇంకా జారుడుగా చేస్తారు. ఆ ఆయిల్ బైకులో పోస్తే మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత ఒకరోజు వెనకాల మనిషిని కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ రేజ్ అవుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. దాన్నే మెకానిక్‌లు క్లచ్ స్లిప్ అంటారు. అప్పుడు ఆయిల్ మార్చినా ఒక్కోసారి ఫలితం ఉండదు. ప్లేట్ల మీది పదార్థం ఆ రసాయనాన్ని పీల్చుకునో, జారుడికి కాలిపోయో ఉంటుంది. ప్లేట్ల సెట్టు మార్చాల్సి వస్తుంది.

1990ల్లో కార్ల ఆయిల్ ప్రమాణాలు మైలేజీ వైపు, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడటం వైపు మొగ్గాయి. ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని దాన్ని తగ్గిస్తూ వచ్చారు. అరుగుదలను ఆపే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం తగ్గితే గేర్లకు నష్టం, జారుడు పెరిగితే క్లచ్‌కు నష్టం. అంటే బైకుకు రెండువైపులా దెబ్బే. అందుకే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో, 1998లో బైకుల కోసం విడిగా టీ903 అనే ప్రమాణం తెచ్చింది. అందులో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలని ఉంది. క్లచ్ ప్లేట్లను ఆయిల్‌లో తిప్పి, ఆపి, ఎంత పట్టు ఉందో కొలిచే పరీక్ష కూడా ఉంది.

ఆ పరీక్షలో వచ్చిన పట్టును బట్టి ఆయిల్‌కు ఎంఏ లేదా ఎంబీ అని పేరు పెడతారు. పట్టు ఎక్కువుంటే ఎంఏ, తక్కువుంటే ఎంబీ. ఎంఏలోనే మళ్లీ ఎంఏ1, ఎంఏ2 అని రెండు మెట్లున్నాయి, ఎంఏ2లో పట్టు అన్నిటికన్నా ఎక్కువ. మాన్యువల్‌లో ఎంఏ అని ఉంటే ఎంఏ2 పోసుకోవచ్చు. ఎంఏ2 అని ఉన్నచోట మాత్రం దానికి తగ్గకూడదు.

మరి ఎంబీ ఎవరికి? స్కూటర్లకు. గేర్లు లేని స్కూటర్‌లో సీవీటీ, అంటే గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఏర్పాటు ఉంటుంది. దాని క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కు దూరంగా, పొడిగా వేరే గదిలో తిరుగుతుంది. అక్కడ ఆయిల్ ఎంత జారితే మైలేజీకి అంత మేలు. యాక్టివాకు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30 ఎంబీ. స్ప్లెండర్‌కు చెప్పేది 10డబ్ల్యూ-30 ఎంఏ.

ఈ రెండు బండ్లూ ఒకే ఇంట్లో ఉండటం హైదరాబాద్‌లో మామూలే. అమ్మకో చెల్లికో యాక్టివా, నాన్నకు స్ప్లెండర్. స్కూటర్‌కు లీటరు పట్టదు కాబట్టి డబ్బాలో కొంత మిగులుతుంది. "రెండూ టెన్ థర్టీయే కదా" అని ఆ మిగిలినదాన్ని బైకులో టాపప్ చేసేస్తారు. ముందు రాసిన నంబరు ఒకటే, డబ్బా రంగు కూడా ఇంచుమించు ఒకటే. తేడా అంతా వెనక రాసిన రెండక్షరాల్లో ఉంది. ఎంఏ ఆయిల్ స్కూటర్‌లో పోస్తే మైలేజీ ఏ కాస్తో తగ్గుతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఎంబీ ఆయిల్ బైకులో పోస్తే క్లచ్‌కు ఎసరు. ఇంట్లో రెండు రకాల బండ్లుండి ఒకటే డబ్బా కొనే ఉద్దేశం ఉంటే ఎంఏ కొనండి.

కారు ఆయిల్ పోయకతప్పని పరిస్థితి వస్తే, డబ్బా మీద గుండ్రటి ఏపీఐ ముద్ర కింద 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉందేమో చూడాలి. ఉంటే బైకులో పోయకూడదు. అయినా ఏ బంకులోనైనా, ఏ చిన్న షాపులోనైనా ఫోర్‌టీ (అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకు) అని రాసిన బైకు ఆయిల్ దొరికే ఊళ్లో ఆ అవసరమే రాదు.

10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50: చిక్కదనం లెక్క

"ఎండలు మండిపోతున్నయ్ అన్నా, ట్వంటీ ఫిఫ్టీ పోసుకో, ఇంజిన్ సౌండే రాదు." ఈ సలహా వినని బైకు యజమాని ఈ నగరంలో ఉండడు. ఇందులో సగం నిజముంది. ఏ సగమో తెలియాలంటే ఆ నంబర్లను విప్పి చూడాలి.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దానికి ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎలా ప్రవహిస్తుందో చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఈ రెండూ డిగ్రీలు కావు, ఉత్త తరగతుల నంబర్లు. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. డిసెంబరులో పటాన్‌చెరు వైపు తెల్లవారుజామున ఎంత వణికినా అక్కడిదాకా పోం. కాబట్టి హైదరాబాద్‌లో మొదటి అంకెతో పనే లేదనిపిస్తుంది.

పూర్తిగా అలా కొట్టిపారేయలేం. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ వాతావరణం వేడికి, అంటే 25 డిగ్రీలకో 30 డిగ్రీలకో వచ్చి ఉంటుంది. ఆ వేడి దగ్గర ఏ ఆయిల్ అయినా, ఇంజిన్ కాగిన తర్వాత ఉండే దానికంటే ఎన్నోరెట్లు చిక్కగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర చూస్తే 20డబ్ల్యూ-50 చిక్కదనం 10డబ్ల్యూ-30కి రెట్టింపు పైనే. పొద్దున సెల్ఫ్ నొక్కాక ఆయిల్ పంపు ఆ చిక్కటి ద్రవాన్ని తోడి పైనున్న క్యామ్ దాకా పంపాలి. పల్చటి ఆయిల్ త్వరగా చేరుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా ఇలా చల్లగా స్టార్ట్ చేసినప్పటిదే.

ఇక రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. ఏది ఎక్కువైతే అది మేలని కాదు. ఇంజిన్ తయారుచేసేటప్పుడే బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఎంత సందు ఉండాలి, ఆయిల్ పంపు ఎంత తోడాలి అన్నది ఒక చిక్కదనాన్ని దృష్టిలో పెట్టుకుని లెక్కగడతారు. 10డబ్ల్యూ-30 కోసం గీసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ వెంటనే పాడైపోదు. కానీ పికప్ మొద్దుబారుతుంది, మైలేజీ తగ్గుతుంది, పొద్దున ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది.

మరి ఎండ సంగతి? మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు కొత్త కాదు. అయితే ఇంజిన్ లోపల ఆయిల్ మామూలుగానే 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. బయట పది డిగ్రీలు పెరగడం కంటే, గాలి తగలక కదలకుండా నిలబడటమే గాలితో చల్లబడే ఇంజిన్‌ను ఎక్కువ కాలుస్తుంది. హైదరాబాద్ బైకువాడికి ఆ గాలి కూడా అంత సులభంగా దొరకదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పిల్లర్ల కింద, బస్సుల మధ్య ఫస్ట్ గేర్, సెకండ్ గేర్‌లో పాకాల్సిందే. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకు ఆగి ఉన్న బండి ఇంజిన్ మీద చెయ్యి పెట్టగలరా? ఆయిల్ పల్చబడేది అక్కడ. దానికి మొదటి మందు ఆయిల్ డబ్బా కాదు, రెడ్ లైటు దగ్గర ఇంజిన్ ఆపేయడం.

ఆ సలహాలో నిజమైన సగం ఇదీ: కొన్ని కంపెనీల మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులు వాడొచ్చని పట్టిక ఇస్తారు. మీ బండికి అలాంటి పట్టిక ఉండి, రోజూ ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కునే పరిస్థితి ఉంటే ఆ పట్టికలో చిక్కటి వైపుకు వెళ్లొచ్చు. ఒకటే గ్రేడు రాసి ఉంటే అక్కడే ఆగాలి. కొత్త తరం 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ-50. అందులో 10డబ్ల్యూ-30 పోయడం ఎంత తప్పో స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ-50 పోయడమూ అంతే తప్పు. ఆయిల్ తినేస్తున్న పాత ఇంజిన్‌కు, బోర్ పని చేయించేలోపు ఒక మెట్టు చిక్కటిది పోసి నెట్టుకురావడం వేరే సంగతి. అది వైద్యం కాదు, వాయిదా.

"సౌండే రాదు" అన్న మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. చిక్కటి ఆయిల్ పోస్తే ట్యాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) చప్పుడు నిజంగానే తగ్గుతుంది. కానీ ట్యాపెట్ గ్యాప్ అలాగే ఉంటుంది. చప్పుడు వినిపిస్తే ట్యాపెట్ సెట్ చేయించాలి, చైన్ టెన్షనర్ చూపించాలి. చప్పుడు చేసే భాగాన్ని ఆయిల్‌తో నోరు మూయిస్తే అది అరుగుతున్న సంగతే మనకు తెలియకుండా పోతుంది.

ఏపీఐ అక్షరాలు

దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్లది, సీతో మొదలైతే డీజిల్ ఇంజిన్లది. ఎస్ తర్వాతి అక్షరం ఎంత ముందుకు పోతే ప్రమాణం అంత కొత్తది. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మాన్యువల్‌లో ఎస్‌జే అని ఉంటే ఎస్ఎల్, ఎస్ఎన్ పోయొచ్చు, వెనక జాసో ఎంఏ కూడా ఉండాలన్నది షరతు. జాసో లేకుండా ఎస్‌పీ మాత్రమే ఉన్న డబ్బా అంటే అది కారు ఆయిల్. కొత్త అక్షరం చూసి మురిసిపోయి బైకులో పోయకూడదు.

సింథటిక్ అంటే అసలేమిటి?

మన పల్లెల్లో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవాళ్లు. అదేదో వెనకబడిన పద్ధతి అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ కూడా తొలినాటి మోటారు వాహనాల, విమానాల ఇంజిన్ల కోసం తన ఆయిల్‌లో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లిష్‌లో ఉన్న క్యాస్టర్ ఆయిల్ అన్న పేరు మీదే 1909లో క్యాస్ట్రాల్ అని అమ్మింది. ఆముదం లోహాన్ని అంటిపెట్టుకుని ఉండటంలో గొప్పది. నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే గింజకు అంత సత్తా ఉంది. దాని లోపమల్లా వేడికి, గాలికి ఆక్సీకరణ చెంది జిగురుగా మారిపోవడం. ఇంజిన్ ఆయిల్ చరిత్ర అంతా ఈ లోపంతో చేసిన యుద్ధమే. మినరల్ ఆయిల్ వచ్చినా, సింథటిక్ వచ్చినా ప్రశ్న ఒకటే: వేడిలో ఎన్నాళ్లు చెడకుండా ఉంటుంది?

ముడి చమురును శుద్ధి చేస్తే మినరల్ ఆయిల్ వస్తుంది. అందులో అణువులు చిన్నవీ పెద్దవీ కలగలిసి ఉంటాయి. చిన్నవి త్వరగా ఆవిరైపోతాయి, కొన్ని త్వరగా చెడతాయి. సింథటిక్‌లో అణువులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉండేలా రసాయన ప్రక్రియలో తయారుచేస్తారు. వేడికి తట్టుకుంటుంది, తక్కువ ఆవిరవుతుంది, చల్లగా ఉన్నప్పుడూ బాగా పారుతుంది.

అయితే డబ్బా మీద 'సింథటిక్' అని రాయడానికి హద్దు అంత గట్టిగా లేదు. ముడి చమురునే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసి తీసిన మూడో గ్రూపు నూనెను సింథటిక్ అనొచ్చా అని 1990ల చివర్లో అమెరికాలో పెద్ద తగువు జరిగింది. అలా అమ్ముతున్న క్యాస్ట్రాల్ మీద మొబిల్ ఫిర్యాదు చేసింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ పక్షానే తేల్చింది. అప్పటినుంచి ఫుల్ సింథటిక్ అని అమ్ముడుపోయే ఆయిల్‌లో చాలావరకు ఈ మూడో గ్రూపుదే. అది నాసిరకమని కాదు, బాగానే పనిచేస్తుంది. ఆ మాట చూసి రెట్టింపు డబ్బు ఇచ్చేముందు ఈ సంగతి గుర్తుండాలంతే. సెమీ సింథటిక్ అంటే రెండింటి మిశ్రమం. ఎంతలో ఎంత అన్నది డబ్బా మీద కనబడదు.

ఎవరికి ఏది అంటే నా అభిప్రాయం ఇదీ. కేటీఎం డ్యూక్ 390 లాంటి, పదివేల ఆర్‌పీఎం దాకా తిరిగే లిక్విడ్ కూల్డ్ బండికి ఫుల్ సింథటిక్ విలాసం కాదు, మాన్యువల్ అడిగేదే అది. 350 సీసీ బండికి సెమీ చాలు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తిరిగే 100 సీసీ బండికి మంచి మినరల్ ఆయిలో సెమీయో పోసి సమయానికి మార్చడం, సింథటిక్ పోసి మరిచిపోవడం కంటే ఎన్నోరెట్లు నయం.

దీనికి గట్టి కారణమే ఉంది. 100 సీసీ స్ప్లెండర్‌లో కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, క్రాంక్ షాఫ్టుతో పాటు గిర్రున తిరుగుతూ మట్టిని అంచులకు విసిరే ఒక సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్, అంతే. సన్నటి మురికి చాలావరకు ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. అది బయటికి పోవాలంటే ఆయిల్‌తో పాటే పోవాలి. ఆయిల్ ఎంత ఖరీదైనదైనా అందులోని మురికికి ఆ సంగతి తెలియదు.

మినరల్ నుంచి సింథటిక్‌కు మారితే సీళ్లు లీకవుతాయని ఒక భయం ఉంది. ఆరోగ్యంగా ఉన్న సీలుకు ఏమీ కాదు. అప్పటికే గట్టిపడి పగిలిన సీలును మురికి అడ్డుపడి కాపాడుతుంటే అది బయటపడొచ్చు. దారిలో ఆయిల్ తగ్గి వేరే కంపెనీది పోయాల్సి వస్తే కూడా భయపడక్కర్లేదు. గ్రేడు, జాసో కలిస్తే కలిపి పోయొచ్చు. తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే అదే మేలు.

ఎప్పుడు మార్చాలి, ఎలా చూడాలి

ఆయిల్ నల్లబడగానే "అయిపోయింది అన్నా, మార్చాలె" అంటారు. నల్లబడటం ఆయిల్ తన పని చేస్తోందనడానికి గుర్తు. మసిని కడిగి తనలో తేలుతూ ఉండేలా పట్టుకోవడానికే అందులో డిటర్జెంట్లు కలుపుతారు. రంగు చూసి తీర్పు చెప్పొద్దు, కిలోమీటర్లు చూడండి, నెలలు చూడండి. మాన్యువల్‌లో కిలోమీటర్ల లెక్కతో పాటు "లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఎవరూ చదవరు.

ఇంటి నుంచి మెట్రో స్టేషన్ పార్కింగ్ దాకా మూడు కిలోమీటర్లు పోయి, సాయంత్రం మళ్లీ మూడు కిలోమీటర్లు వచ్చే బండి ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. దాని ఆయిల్ కొత్తదే అనుకుంటాం. నిజానికి ఆ ప్రయాణంలో ఇంజిన్ సరిగ్గా కాగదు. కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తాయి, ఆవిరైపోయేంత వేడి రాదు. వానాకాలంలో ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపల మజ్జిగ రంగు నురగ కనబడుతుంది, అది ఈ నీళ్లదే. ఇలాంటి బండిని వారానికోసారి ఓ అరగంట ఆగకుండా నడపాలి. ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్పించాలి.

బైకులో ఇంకో కారణం కూడా ఉంది. 10డబ్ల్యూ-40 లాంటి మల్టీగ్రేడ్ ఆయిల్ వేడిలోనూ చిక్కగా ఉండటానికి పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. గేర్ల పళ్ల మధ్య నలిగి అవి తెగుతాయి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడులా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. గేర్లు పడటం గరుకుగా అనిపించడం, న్యూట్రల్ దొరక్కపోవడం చాలాసార్లు దీని సూచనే.

లెవెల్ చూడటం అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. నేను చూసినంతలో సీజ్ అయిన ఇంజిన్లలో తప్పు ఆయిల్ పోసినవాటికంటే ఆయిల్ లేనివే ఎక్కువ. బండిని సమతలం మీద సెంటర్ స్టాండ్ వేసి, మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. మరో రెండు మూడు నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టాలి. చాలా హీరో, హోండా బండ్లలో దాన్ని మరలు తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే కర్ర ఎక్కువ లోతుకు దిగి, ఆయిల్ తక్కువున్నా సరిపోయినట్టే కనబడుతుంది. పక్కన చిన్న గాజు కిటికీ ఉన్న బండ్లలో బండిని నిటారుగా నిలబెట్టి రెండు గీతల మధ్య ఉందా అని చూస్తే సరి. పై గీత దాటేలా పోయడం కూడా మంచిది కాదు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తోస్తుంది.

సర్వీసింగ్‌లో కూడా దగ్గరుండి చూడాల్సినవి రెండే. డ్రెయిన్ బోల్ట్ కింద వాషర్ కొత్తది వేస్తున్నారా, బోల్ట్‌ను పెద్ద పానాతో బలమంతా పెట్టి బిగించకుండా ఉంటున్నారా. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం. ఒకసారి మరలు పోతే పది రూపాయల వాషర్ దగ్గర మిగిల్చింది వేలల్లో వదులుతుంది.

మిగతా ఆయిళ్లు

స్కూటర్ వెనక చక్రం దగ్గర చిన్న గేర్ బాక్స్ ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల పైచిలుకు వేరే ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ ప్రతిసారీ మార్చినవాళ్లు కూడా దీన్ని ఏళ్ల తరబడి మరిచిపోతారు. వెనకనుంచి గుర్రుమనే మోత వినిపించేదాకా గుర్తురాదు.

చైన్ ఉన్న బండికి 500, 600 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆరగానే చైన్‌కు ఆయిల్ పట్టించాలి. చైన్ లూబ్ స్ప్రే లేకపోతే 90 గ్రేడు గేర్ ఆయిల్ చాలు. కడగడానికి కిరోసిన్ వాడండి, పెట్రోలు వద్దు. లింకుల మధ్య 'ఓ-రింగ్' అనే రబ్బరు వలయాలున్న చైన్ అయితే పెట్రోలు ఆ రబ్బరును పాడుచేస్తుంది. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైన్ లోపలి వైపు పట్టించాలి. గేర్‌లో తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. చైన్ అంతా కవర్ లోపల ఉండే 100 సీసీ బండ్లలో కవర్ మీద చిన్న రబ్బరు మూత ఉంటుంది, తీసి చూడండి. కనబడదు కాబట్టే అక్కడ చైన్ తుప్పు పట్టిపోతుంది.

డబ్ల్యూడీ-40 చైన్ లూబ్ కాదు. లోహం మీదినుంచి నీటిని తరమడానికి 1953లో అమెరికాలో తయారైన ద్రవం అది. తుప్పు వదిలించడానికి, శుభ్రం చేయడానికి భేషుగ్గా పనిచేస్తుంది, కానీ దాని పొర నిలబడదు.

బ్రేక్ ఆయిల్ అని అందరం పిలిచేది కందెనే కాదు. డిస్క్ బ్రేకులో మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. అందులో పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి బ్రేకులు పోతాయి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

పాత టూ స్ట్రోక్ బండి యమహా ఆర్ఎక్స్ 100ను ఇంకా ముద్దుగా చూసుకునేవాళ్లకు ఒక్క మాట. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోతుంది. కాబట్టి దానికి వేరే ప్రమాణం, జాసో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ. పొగ తక్కువ కావాలంటే ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ చూడాలి. ఫోర్‌టీ ఆయిల్ అందులో పోస్తే సైలెన్సర్ మసితో పూడుకుపోతుంది.

నకిలీ డబ్బాలు, పాత ఆయిల్

ఖాళీ డబ్బాలు కొని, పాత ఆయిల్‌ను వడకట్టి రంగు కలిపి మళ్లీ నింపి అమ్మే దందా చాలా చోట్ల పట్టుబడింది. రేటు మరీ తక్కువంటే అనుమానించాల్సిందే. మూత కింద సీలు మీ ఎదురుగా చించాలి. క్యూఆర్ కోడ్ ఉన్న డబ్బా అయితే అక్కడే ఫోన్‌తో స్కాన్ చేయండి. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాను మెకానిక్‌కు అలాగే వదిలేయకుండా మూత దగ్గర కోసి పారేయండి. లూజ్ ఆయిల్ ఎంత తెలిసిన షాపులోనూ వద్దు.

బండి నుంచి దించిన నల్ల ఆయిల్‌ను చైన్‌కు పూయడం, గేటు మడతబందులకు వాడటం మన దగ్గర అలవాటు. అందులో లోహపు రజను, ఆమ్లాలు ఉంటాయి. చైన్‌కు అది ఆకురాయితో సమానం. మోరీలో పారబోస్తే అది నాలాల్లోంచి మూసీలోకి పోతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది. ఇంట్లో మీరే మార్చుకుంటే దాన్ని అదే డబ్బాలో పోసి, పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న మెకానిక్‌కో సర్వీస్ సెంటర్‌కో ఇచ్చి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పంపుతున్నారా అని ఒక మాట అడగండి. ఆ డ్రమ్ములో పోశాకే ఖాళీ డబ్బాను కోయండి.